రెండు వీణల పాఠము

వేదములలో సామవేదము తానేనని భగవానుడు గీతయందు సెలవిచ్చెను. ఋక్కునకు గానము తోడైన యెడల సామమగును. కావున స్వర విచారము సంగీత విద్వాంసులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు; నిత్యము తిరునామము పాడుకొను ప్రతి గృహమునకును అది సంబంధించినదే.

ధర్మపురిలో దక్షిణవాహినియైన గోదావరి యొడ్డున, నృసింహస్వామి సన్నిధిలో గాని, మన యూళ్ల భజన మందిరములలో గాని, చెవియొగ్గి వినువారికి ఒక సందేహము కలుగుట కద్దు. తంబురతో సాధన చేసిన వృద్ధుని కంఠమున పలుకు గాంధారమునకును, హార్మోనియము పలుకు గాంధారమునకును వెంట్రుకవాసి భేదము వినవచ్చును. చిన్నవారు పెట్టె చెప్పినదే ప్రమాణమనుకొందురు. పెద్దాయన గొంతు జారినదనుకొందురు. తీర్పు చెప్పుటకు ముందు మన ప్రాచీనులు స్వరమును ఎట్లు కొలిచిరో తెలిసికొనవలెను.

సామగాయకుల స్వరములు పైనుండి క్రిందికి దిగును. వాటికి ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థములని పేర్లు. సామగాయకుల ప్రథమ స్వరము వేణువునందలి మధ్యమమని నారదీయ శిక్ష చెప్పుచున్నది. ద్వితీయము గాంధారము, తృతీయము ఋషభము, చతుర్థము షడ్జము. వేదస్వరమును పోల్చి చూపుటకు ఆ గ్రంథకర్త వేణువును చేపట్టుట గోపాలుని భక్తులకు ఆనందము కలిగించు విషయమే. అయితే ఇది స్వరముల పేర్లను తెలుపునే గాని, వాని నడుమ దూరమెంతయో తెలుపదు. ఆ పని చేసినవాడు భరతముని.

నాట్యశాస్త్రము ఇరువది యెనిమిదవ అధ్యాయమున షడ్జగ్రామమునకు శ్రుతులు చెప్పబడినవి. షడ్జ మధ్యమ పంచమములకు నాలుగేసి, ఋషభ ధైవతములకు మూడేసి, గాంధార నిషాదములకు రెండేసి, వెరసి 22. ఈ స్వరావళి నేటి ఖరహరప్రియకు సమీపమైనది. తొమ్మిది లేక పదమూడు శ్రుతుల దూరమున నున్న స్వరములు పరస్పరము సంవాదులు. మధ్యమగ్రామమున పంచమము ఒక్క శ్రుతి దిగును. ఆ ఒక్కటియే ప్రమాణ శ్రుతి.

దీనిని కనుగొనుటకు ముని చెప్పిన పరీక్ష అద్భుతమైనది. సర్వవిధముల సమానములైన రెండు వీణలను షడ్జగ్రామమున శ్రుతి చేయవలెను. ఒకదానిని కదలింపరాదు. రెండవదానియందు మొదట పంచమమును మాత్రము దింపవలెను. ఎంతవరకు? అది ఋషభముతో సంవాదమై కలిసిపోవువరకు. షడ్జగ్రామమున ఆ రెంటి నడుమ దూరము పది శ్రుతులు. అది తొమ్మిదియైన క్షణమున రెండు తంత్రులును ఒక్కటిగా మ్రోగును. చెవి తప్ప వేరు కొలబద్ద లేదు. పిమ్మట ఆ దిగిన పంచమమును ఆధారముగా గొని మిగిలిన తంత్రులన్నిటిని మరల షడ్జగ్రామమునకు సరిచేసినచో, వీణ మొత్తము ఒక శ్రుతి దిగును.

రెండవమారు దింపినప్పుడు కదలిన వీణ గాంధార నిషాదములు, కదలని వీణ ఋషభ ధైవతములలో లీనమగును. కావున వానివి రెండేసి శ్రుతులు. మూడవమారు ఋషభ ధైవతములు షడ్జ పంచమములలో చేరును, కావున మూడేసి. నాలుగవమారు పంచమ మధ్యమ షడ్జములు క్రమముగా మధ్యమ గాంధార నిషాదములను చేరును, కావున నాలుగేసి. 22 అను సంఖ్య ఎవరో ఊహించి పెట్టినది కాదు, ఈ లయములను లెక్కించగా తేలినది.

ఈ ఇరువదిరెండును సమాన భాగములని కొందరు తలచిరి. అది సరియని తోచదు. ముని తంత్రి పొడవులు చెప్పలేదు గాని, సంవాదమునుబట్టి మనము లెక్కింపవచ్చును. 36 అంగుళముల తంత్రిని 27 వద్ద అదిమిన మధ్యమము, 24 వద్ద పంచమము, 18 వద్ద తారషడ్జము పలుకును. మూడు శ్రుతుల ఋషభము 32.4 వద్ద, దానికి సంవాదియైన మధ్యమగ్రామ పంచమము 24.3 వద్ద. అనగా ప్రమాణ శ్రుతి అచ్చట అంగుళములో పదింట మూడు వంతులు. ఈ లెక్కను సాగించినచో మొదటి దింపును నాలుగవదియు సమానములు. రెండవది మొదటిదానికి నాలుగు రెట్లకు పైబడినది, మూడవది మూడు రెట్లకు పైబడినది. శ్రుతులు మెట్లవలె సమముగా పేర్చినవి కావు.

గోదావరికి ఎగువనున్న దేవగిరి యాదవ రాజ్యమున, పదమూడవ శతాబ్దిలో సింఘణుని ఆశ్రయమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరము రచించుచు, ఈ పరీక్షను 22 తంత్రుల వీణలతో వివరించెను. దానికి సంగీతసుధాకరమను వ్యాఖ్య వ్రాసినవాడు మన తెలంగాణమున రాచకొండ నేలిన సింగభూపాలుడు. ఈ శాస్త్రము మనకు పొరుగుసొమ్ము కాదని చెప్పుటకు ఇంత చాలును.

గోదావరి దాటి ఆదిలాబాదు కొండలకు పోయినచో గ్రంథముతో పనిలేని చెవి కానవచ్చును. గోండుల వంశకథలను పరంపరగా పాడు ప్రధానుల చేత కింగ్రి యను మూడు తంత్రుల వాద్యముండును. దానిని కమానుతో వాయింతురు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలము కేస్లాపూరులో జరుగు నాగోబా జాతర నాటికి ఆ వాద్యము ప్రసిద్ధము. దానికి మెట్లు లేవు. వ్రేలు ఎచ్చట ఆనవలెనో గొంతు చెప్పవలసినదే. రత్నాకరమున కిన్నరీవీణ యున్నది గదా యని పేరుల పోలికనుబట్టి రెండును ఒకటే యనరాదు. కిన్నరికి మెట్లు కలవు. కాని కదలని మెట్టు సాయము లేక స్వరమును పట్టు ఈ విద్య భరతుని పరీక్షకు మిక్కిలి దగ్గరిది.

ఇక హార్మోనియము. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపానుండి మనకు వచ్చిన ఆ పెట్టెలో స్థాయి 12 సమాన భాగములు. 1940లో రేడియో దానిని నిషేధించి, 1971లో గాని సడలింపలేదు. దాని దోషము అన్ని స్వరములయందు ఒకే తీరున లేదు. పంచమమున భేదము చెవికి దాదాపు తెలియదు. అంతర గాంధారము మాత్రము, 36 అంగుళముల తంత్రిపై 28.8 వద్ద పలుకవలసినది, పెట్టెలో 28.57 వద్ద పలికినట్లగును. ప్రమాణ శ్రుతిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు హెచ్చినది. వృద్ధుని గొంతు జారలేదు.

అట్లని పెట్టెను మందిరమునుండి వెడలగొట్టవలెననుట కాదు. వందమంది కూడి పాడునప్పుడు దాని సాయము గొప్పది. పిల్లలకు పాట నేర్పునప్పుడు మాత్రము తంబురను ముందుంచవలెను. పంచమమును రెండు సారణులును మంద్రషడ్జమును చక్కగా కలిసిన తంబురను మెల్లగా మీటి, మాటలాడక కొంతసేపు కూర్చున్నచో, ఏ తంత్రికిని శ్రుతి చేయని అంతర గాంధారము తనంత తానుగా వినవచ్చును. బాలుని గాంధారమును దానితో కలిపి పలికింపవలెను.