విషమునకు విరుగుడు: ముక్కు ద్వారా టీకా

కొడవలి గాయమగుటయు, కాలిలో ముల్లు దిగుటయు మనకు నిత్యము గలుగునవే. అట్టి చిన్నగాయమే యొక్కొక్కప్పుడు ప్రాణముమీదికి వచ్చును. ధనుర్వాతపు సూక్ష్మజీవులు మట్టియందును, పేడయందును విత్తనములవలె చిరకాలము పడియుండును. గాలి సోకని గాయములో మొలకెత్తి విషమును పుట్టించును. మనుష్యుని చంపునది ఆ విషమే. ఒకమారు ఈ జబ్బుపడి బ్రదికినవానికి మరల రాదను నమ్మకమును లేదు. ఏలయన ప్రాణము తీయజాలిన విషమైనను, దేహమునకు రక్షణశక్తి నేర్పుటకు చాలని స్వల్పపరిమాణమున నుండును.

1890 సంవత్సరమున బెహ్రింగు, కిటసాటో అను శాస్త్రజ్ఞులు, ఈ విషమును తగురీతిని జంతువుల కెక్కించినచో వాని రక్తమున విరుగుడు పదార్థము పుట్టునని కనుగొనిరి. పిమ్మట 1920-30 నడుమ ఫ్రాన్సు దేశీయుడగు రమోను, విషమును ఫార్మలినుతో కలిపి వెచ్చగా నుంచి, దాని కోరలూడదీసి రూపమును మాత్రము నిలిపెను. దీనికి టాక్సాయిడు అని పేరు. నేటి ధనుర్వాతపు సూదిమందు ఇదియే. గొర్రెలకు చిటుకురోగము రాకుండ వేయు టీకాయు ఈ మార్గముననే తయారగుచున్నది.

సూదిమందు రక్తమునకు రక్షణ నిచ్చును గాని, ముక్కు గొంతులలోని జిగురుపొరకు అంతగా నీయదు. కంఠసర్పి మొదలగు వ్యాధులు ప్రవేశించు వాకిలి అదియే. ముక్కులో వేసిన టీకా వాకిటను, ఇంటను గూడ కాపు పెట్టగలదు. అయితే ఆ జిగురు, వేసిన మందును కొద్ది నిమిషములలోనే గొంతులోనికి త్రోసివైచును. అందుచే మందును నానోకణములలో నిమిడ్చి పంపుచున్నారు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. రొయ్యల, పీతల పెంకులనుండి తీసిన కైటోసాను కణములు ధనవిద్యుత్తు గలవి. జిగురుపొర ఋణవిద్యుత్తు గలది. కావున కణములు దానిని అంటిపెట్టుకొని మందును మెల్లగా లోనికి దింపును.

2010లో జపాను శాస్త్రజ్ఞులు, పాడైన ఆహారమున పుట్టు బోట్యులినము విషములోని హానిలేని ముక్కను, పుల్లులాను అను పిండిపదార్థముతో చేసిన కణములలో నుంచి ఎలుకల ముక్కులలో వేసిరి. పిదప అసలు విషమిచ్చినను అవి బ్రదికినవి. మందు మెదడునకు చేరకపోవుటయు పరీక్షించి చూచిరి. ఈ జాగ్రత్తకు కారణము గలదు. 2000-2001లో స్విట్జర్లాండునందు, బాక్టీరియా విషమును బలకారిగా చేర్చిన ఇన్‌ఫ్లుయెంజా ముక్కుటీకా వేసికొన్న కొందరికి ముఖపక్షవాతము కలుగగా, దానిని మానివేసిరి.

హైదరాబాదు కంపెనీ తయారుచేసిన కోవిడు ముక్కుటీకాకు 2022లో అనుమతి లభించినది. అయితే అది వైరసుపై పనిచేయునది; దాని వాహనమును వేరు. ధనుర్వాతమునకు నానోకణముల ముక్కుమందు ఇంకను పరిశోధనలోనే యున్నది. కావున దానికై వేచియుండక, గాయమైన వెంటనే సబ్బునీటితో కడిగి, ఆసుపత్రికి పోయి సూదిమందు విషయము విచారింపవలెను. గర్భిణులకును, పిల్లలకును వేయవలసిన టీకాలను తప్పక వేయింపవలెను. చేతికందిన రక్షణను విడుచుట వివేకము గాదు.