చిన్న కంప్యూటరులో స్మృతిని పెంచుకొనుట

నేటి విద్యుత్ మీటరులోను, పాలకేంద్రమున వెన్నశాతమును కొలుచు యంత్రములోను ఒక చిన్న కంప్యూటరు ఇమిడి యుండును. ఒక నిర్ణీతమైన పనికై యంత్రములోనే అమర్చిన ఇట్టి దానిని ఎంబెడెడ్ కంప్యూటరు అందురు. దీనికి రెండు విధముల స్మృతి, అనగా మెమరీ, కలదు. పని జరుగుచున్నంతసేపు సమాచారమును నిలుపు ర్యామ్ మన కళ్ళము వంటిది. విద్యుత్తు పోయినను చెరగని ఫ్లాష్ గాదె వంటిది. ఇట్టి కంప్యూటర్లలో ర్యామ్ సాధారణముగా బోర్డుకే అతికింపబడి యుండుటచే దానిని మార్చుట కష్టము. కావున ఉన్న చోటునే వినియోగమునకు తెచ్చుకొనవలెను.

గాదెలో చోటున్నను కళ్ళము నిండినచో పని ఆగిపోవును. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన ‘స్పిరిట్’ అను ఆరుచక్రముల బండి 2004 జనవరి 4న కుజగ్రహముపై దిగినది. దానిలో 128 మెగాబైట్ల ర్యామ్, 256 మెగాబైట్ల ఫ్లాష్ ఉండెను. జనవరి 21న అది సరిగా బదులిచ్చుట మానినది. ఫ్లాష్‌లో ఫైళ్లు పెక్కు పోగుపడగా, వాటి పట్టికకై ర్యామ్‌లో కేటాయించిన చోటు చాలకపోయెను. కంప్యూటరు తనంతట తానే తిరిగి ప్రారంభమగుట, ఫ్లాష్‌ను తెరువబోయి మరల విఫలమగుట అరువది పర్యాయములకు పైగా జరిగినది. నిద్రింపవలసిన యంత్రము మేలుకొని యుండుటచే బ్యాటరీ తరిగిపోజొచ్చెను. ఇంజనీర్లు ఫ్లాష్‌ను తెరువకుండ ప్రారంభమగునట్లు ఆదేశము పంపి, అక్కరలేని ఫైళ్లను తొలగించి, ఫిబ్రవరిలో దానిని తిరిగి పనిలో పెట్టిరి. 90 కుజ దినములకై ఉద్దేశింపబడిన ఆ బండి 2010 మార్చి వరకు వార్తలు పంపినది. అందులకై కొత్త స్మృతి ఏమాత్రమును చేర్చబడలేదు.

మన చేతికందు యంత్రములలో ఈ పొదుపును సాధించుటకు మూడు మార్గములను మేమిచట వివరింతుము. 2012లో బ్రిటనులో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను చిన్న బోర్డును ఉదాహరణగా తీసికొందము. దాని తొలి నమూనాలో ర్యామ్ 256 మెగాబైట్లు మాత్రమే.

మొదటిది, వృథాను అరికట్టుట. ఆ ర్యామ్‌లో కొంత వాటా తెరపై బొమ్మలు చూపు భాగమునకు పోవును. తెర లేకుండ వర్షపాతమును నమోదు చేయుటకే వాడునప్పుడు ఆ వాటాను 16 మెగాబైట్లకు తగ్గింపవచ్చును. అక్కరలేని ప్రోగ్రాములను ఆపివేయవలెను.

రెండవది, కుదించుట. లినక్స్‌లో జడ్‌ర్యామ్ అను సదుపాయము, వెంటనే అవసరము లేని సమాచారమును, బోరెములో పత్తిని త్రొక్కినట్లు, ర్యామ్‌లోనే చిన్నదిగా చేసి ఉంచును. ఇందువలన ప్రాసెసరుకు కొంత శ్రమ అధికమగును. ఇదివరకే కుదింపబడిన ఛాయాచిత్రముల వంటివి ఇంకను తగ్గవు.

మూడవది, అరువు తెచ్చుకొనుట. ‘స్వాప్’ అను ఏర్పాటుతో ఫ్లాష్ కార్డులోని కొంత చోటును ర్యామ్‌కు తోడుగా వాడవచ్చును. కాని ఇది మందముగా పనిచేయును. పైగా పలుమారులు వ్రాసి చెరపుటచే ఫ్లాష్ అరిగిపోవును. రేయింబవళ్లు స్వాప్ నడిచినచో కార్డు చెడి, నెలల తరబడి కూర్చిన వర్షపు లెక్కలన్నియు పోవచ్చును. కావున దీనిని కడపటి మార్గముగానే ఎంచి, లెక్కల నకలును వేరొకచోట భద్రపరుపవలెను.

ఏ మార్పు చేసినను, చేయుటకు ముందును పిమ్మటను ‘ఫ్రీ’ అను ఆదేశముతో ర్యామ్ ఎంత మిగిలినదో చూచుకొనుడు. కొలిచి చూచిననే లాభము తెలియును.