రక్తం గ్రూపు చెప్పే పాత చుట్టరికం

హాస్టల్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు వేలు గుచ్చి మన రక్తం గ్రూపు చెబుతారు. ఆ రోజంతా "నాది ఓ, నీది బి" అని చెప్పుకుంటాం. ఒకే తల్లి బిడ్డల్లో అన్నది ఎ, తమ్ముడిది బి కావచ్చు. ఈ తేడా ఎప్పటిదో తెలుసుకుందాం.

మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని 1901లో కార్ల్ లాండ్‌స్టీనర్ వియన్నాలో ప్రకటించారు. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎ, బి, ఓ గ్రూపులను నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంది. అది తయారుచేసే ఎంజైములో ఎ, బి రకాలకు మధ్య తేడా నాలుగు అమైనో ఆమ్లాలే. వాటిలో 266, 268 స్థానాల్లోనివి కీలకమైనవి.

గిబ్బన్ తోకలేని చిన్న వానరం. మన దేశంలో అస్సాం అడవుల్లో హూలాక్ గిబ్బన్ ఉంది. గిబ్బన్లలోనూ ఎ, బి రకాలున్నాయి. తేడా కూడా ఆ రెండు స్థానాల్లోనే ఉంది! ఇది కాకతాళీయమా, వారసత్వమా?

పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారును తలచుకోండి. ఇద్దరు ఒక ప్రశ్నకు ఒకే జవాబు రాస్తే అనుమానించరు. ఆ జవాబు చుట్టూ అక్షర దోషాలు కూడా ఒకే చోట, ఒకేలా ఉంటే ఇద్దరూ ఒకే గైడు చూశారని పట్టేస్తారు. శాస్త్రజ్ఞులు చేసిన పని కూడా ఇలాంటిదే. ఎ, బి రకాలు ఈమధ్యే పుట్టి ఉంటే ఆ రెండు స్థానాల పక్కన తేడాలు కొద్దిగానే ఉండాలి. లెక్కవేస్తే అక్కడ తేడాలు మిగతా జన్యురాశి సగటు కంటే చాలా ఎక్కువగా పోగుపడి ఉన్నాయి. అంటే ఈ రెండు రకాలు ఎంతో కాలం పక్కపక్కనే బతికాయన్నమాట. మనుషులకు, గిబ్బన్లకు ఇవి ఉమ్మడి పూర్వీకుల నుంచే వచ్చాయని, కనీసం 2 కోట్ల ఏళ్ల నాటివని 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది.

ఇంతకాలం ఎందుకు నిలిచాయి? రోగక్రిములతో పోరాటమే కారణమై ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఓ గ్రూపు వారికి మలేరియా తీవ్రరూపం దాల్చే ప్రమాదం తక్కువ. మిగతా గ్రూపుల వారికి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఎక్కువ. అయితే ఇవి వేలమందిని కలిపి చూసిన లెక్కలు. ఏ ఒక్కరి తలరాతా కాదు. ఓ గ్రూపు వారైనా దోమతెర కట్టుకోవాల్సిందే.

మిత్రులారా! "మా రక్తం వేరు, మీ రక్తం వేరు" అనే మాట మనలో చాలామంది విన్నాం. ఆ మాటకు ఈ పాఠమే జవాబు. అన్ని కులాల్లోనూ అన్ని గ్రూపులూ ఉన్నాయి. ఆపదలో ఉన్న బి గ్రూపు మనిషికి ఎ గ్రూపు సొంత అన్న రక్తం పనికిరాదు. పరీక్షలో సరిపోతే ఊరి అవతలి వాడలోని బి గ్రూపు మనిషి రక్తం ప్రాణం నిలుపుతుంది. మనుషుల్లో కులాలు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే ఈ గ్రూపులు పుట్టాయి. ఎవరైనా మళ్లీ రక్తం మాట ఎత్తితే తల వంచకుండా ఈ లెక్క చెబుదాం.