కంప్యూటర్ ఇంజనీరు కావలెనన్న ఎంత కష్టము?

పదవ తరగతి ఫలితములు వెలువడగానే మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులలో అనేకులు మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే: “మా పిల్లవాడు కంప్యూటర్ ఇంజనీరు కాగలడా?” ఈ ప్రశ్నకు మన వాడలలో రెండు జవాబులు వినవచ్చుచున్నవి. తెలుగు మాధ్యమమున చదివిన సాంచె కార్మికుని బిడ్డకు అది అందని పండు అనునది మొదటిది. మూడు నెలలు కంప్యూటర్ క్లాసుకు పోయిన చాలుననునది రెండవది. రెండును సత్యమునకు దూరములే. కష్టము కలదు. అది ఎచ్చట నున్నదో తెలిసికొన్నచో దానిని దాటు దారియు తెలియును. దానిని విద్యార్థులకు విశదము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కంప్యూటరుపై ఉత్తరములు టైపు చేయుట, బిల్లులు తీయుట, లెక్కలు ఎక్కించుట ఆపరేటరు పనులు. అవి గౌరవమైన పనులే. కొలది నెలలలో నేర్వవచ్చును. ఆ యంత్రము ఏ ఆజ్ఞకు ఎట్లు నడువవలెనో నిర్ణయించి, ఆజ్ఞలను దోషము లేకుండ కూర్చువాడు ఇంజనీరు. సాంచె నడుపుట వేరు, సాంచెను రూపొందించుట వేరు కదా!

ఈ శాస్త్రము నేతవారి బిడ్డలకు పరాయిది కాదు. ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో చిల్లుల అట్టలతో నడుచు మగ్గమును రూపొందించెను. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరును, కొక్కెము పడుగు పోగును పైకెత్తును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడి పోగు క్రిందనే యుండును. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830వ దశకమున తలపెట్టిన గణనయంత్రమునకు ఇట్టి అట్టలనే వాడదలచెను. ఆ యంత్రము పూర్తి కాలేదు. కాని 1843లో అడా లవ్లేస్ అను విదుషి దానిపై వివరణలు ప్రకటించి, అందు యంత్రగణనమును జకార్డు నేతతో పోల్చెను. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులను ఉపయోగించెను. మనకు దగ్గరనున్న ముంబయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు నిర్మించిన కంప్యూటరు 1960లో పనిచేయ నారంభించెను. 1962లో నెహ్రూగారు దానికి ‘టిఫ్రాక్’ అని నామకరణము చేసిరి.

ఇక ఒక చిన్న పాఠము. లేచిన పోగును 1 అనియు, లేవని పోగును 0 అనియు వ్రాయుదము. నాలుగు పోగులలో మొదటి రెండు లేచి, మూడవది లేవక, నాలుగవది లేచినచో 1101 అగును. ఈ స్థానముల విలువలు వరుసగా 8, 4, 2, 1. కావున 8 + 4 + 0 + 1 = 13. కంప్యూటరు 13ను గుర్తించు విధము ఇదియే. పది పోగులున్నచో 1,024 విధములుగా లేపవచ్చును. ఎందువలన? ప్రతి పోగునకు రెండు స్థితులు. రెండును పదిమారులు హెచ్చింపుడు. ఈ లెక్క తెలిసినవాడు ఈ శాస్త్రమున మొదటి మెట్టు ఎక్కినట్లే.

అట్లయిన కష్టము ఎచ్చట? మూడు చోట్ల కలదు.

మొదటిది గణితము. మహారాష్ట్రలో ఇంజనీరింగు ప్రవేశమునకు జరుగు ఎం.హెచ్.టి.–సి.ఇ.టి. పరీక్షకు మొత్తము 200 మార్కులు. అందు సగము, అనగా 100, గణితమునకే. 50 ప్రశ్నలకు 90 నిమిషములు. ఒక్కొక్క ప్రశ్నకు 108 సెకండ్లు మాత్రమే. ఈ వేగము 12వ తరగతిలో హఠాత్తుగా రాదు. ఎనిమిదవ తరగతిలో కారణాంకములు, సమీకరణములు రానివానికి 12వ తరగతిలో కలనగణితము కొరుకుడు పడదు. పోగు తెగిన చోటనే ముడివేయవలెను. ముడివేయక సాంచె నడిపిన గజముల కొలది గుడ్డ చెడును. గణితమున తెగిన పోగు ఏ తరగతిలో నున్నదో వెదకి, అచ్చటికే తిరిగి పోవుట సిగ్గుపడవలసిన పని కాదు.

రెండవది భాష. పదవ తరగతి వరకు తెలుగున చదివిన విద్యార్థి 11వ తరగతి విజ్ఞాన శాఖలో ప్రవేశించగానే పాఠములు ఇంగ్లీషులో సాగును. త్వరణము తెలిసినవాడే యాక్సిలరేషన్ అనగానే తెల్లబోవును. సంభావ్యత లెక్కలు చేసినవాడే ప్రాబబిలిటీ అనగానే కలము క్రింద పెట్టును. వానికి విషయము తెలియక కాదు, పేరు తెలియక. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష 2021 నుండి తెలుగుతో కలిపి 13 భాషలలో జరుగుచున్నది. కాని తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలో మాత్రమే లభించును. భివండిలో నున్న తెలుగు విద్యార్థి మహారాష్ట్ర కేంద్రమున వ్రాసినచో వేరు భాష నాశ్రయింపక తప్పదు. ఇది మాతృభాష విడుచుటకు కారణము కాదు. తెలుగున అర్థము చేసికొని, ఇంగ్లీషు పేరును ప్రక్కనే నేర్చుకొనుటకు కారణము. దినమునకు ఐదు పదముల చొప్పున 200 దినములు వ్రాసికొన్నచో ఏడాదికి వేయి పదములగును.

మూడవది కాలము, ధనము. పదవ తరగతి పిమ్మట రెండేండ్లు జూనియర్ కళాశాల, నాలుగేండ్లు ఇంజనీరింగు ఒక దారి. మూడేండ్లు పాలిటెక్నిక్ డిప్లొమా చదివి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరి మరి మూడేండ్లు చదువుట రెండవ దారి. రెండును ఆరేండ్లే. ఇంటి పరిస్థితి వలన నడుమ ఆగవలసి వచ్చినను రెండవ దారిలో డిప్లొమా చేతనుండును. బాలికల తల్లిదండ్రులు మరియొక విషయము తెలిసికొనవలెను. 2024–25 నుండి, నిర్ణీత వర్గములకు చెంది, కుటుంబ వార్షికాదాయము 8 లక్షలు మించని బాలికలు కేంద్రీకృత ప్రవేశముల ద్వారా వృత్తివిద్యలలో చేరినచో బోధనా రుసుమును, పరీక్షా రుసుమును మహారాష్ట్ర ప్రభుత్వమే భరించుచున్నది. రుసుముకు భయపడి ఆడపిల్ల చదువు మాన్పించువారు ముందు ఈ సంగతి విచారింతురు గాక.

శ్రీకాళహస్తి సమీపమునగల కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు మద్రాసు గిండీలో మొదట చదివినది సివిల్ ఇంజనీరింగు. తరువాత కంప్యూటరు శాస్త్రమున కృషి చేసి, 1994లో ఆ శాస్త్రమునకు అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారమును మరియొకరితో కలిసి పొందిరి. పునాది గట్టిదైనచో దారి మారినను గమ్యము చేరవచ్చునని వారి జీవితము తెలుపుచున్నది.

విద్యార్థులారా! ఇంట కంప్యూటరు లేదని చింతింపకుడు. పది సంఖ్యలలో చిన్నదానిని కనుగొనుటకు ఏ పని ముందు, ఏ పని వెనుక చేయవలెనో కాగితముపై వరుసగా వ్రాయుడు. మీ ప్రక్కవాడు ఆ వరుసను మాత్రమే చూచి సరియైన జవాబు చెప్పగలిగినచో మీరు ఒక ప్రోగ్రాము వ్రాసినట్లే. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: బడి నుండి వచ్చిన బిడ్డను కండెలు చుట్టుటకు పంపక, దినమునకు రెండు గంటలు పుస్తకమునకు విడువుడు. ఎనిమిదవ తరగతి నుండి మూడేండ్లు ఇట్లు సాగినచో పదవ తరగతి ముగియునాటికి కష్టములో పెద్దపాలు దాటినట్లే యగును.