చంటిబిడ్డ ఉన్న ఇంట్లో కుంచె ఆగకూడదంటే

ఆర్ట్ నేర్చుకుంటానన్న ఆడపిల్లకు మన ఇళ్లలో ఒక దీవెన తేలిగ్గా దొరుకుతుంది: ‘పోనీలే, ఇంటిపట్టున చేసుకునే పనే కదా, రేపు పిల్లలు పుట్టినా ఇబ్బంది ఉండదు’. ఫైన్ ఆర్ట్స్ సీటు కోసం దరఖాస్తు పెడుతున్న ఇంటర్ విద్యార్థిని వినేదీ ఇదే, ఉద్యోగం మానేసి ఫ్యాబ్రిక్ పెయింటింగ్ మొదలుపెట్టాలనుకునే కొత్త తల్లి వినేదీ ఇదే. ఈ మాటలో సగమే నిజం. ఇంట్లో చోటు దొరుకుతుంది గానీ సమయం దొరకదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు పెడుతున్నది 88. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం ఈ లెక్కలో లేదు, అది మళ్లీ వేరు.

అందుకే ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు ముందు చూసుకోవలసింది, తాము ఎంచుకున్న పని ఎన్నిసార్లు మధ్యలో ఆగినా చెడకుండా ఉంటుందా అన్నది. రోజుకెన్ని గంటలు చిక్కుతాయన్న లెక్క ఆ తర్వాత. చంటిబిడ్డ తల్లికి మూడు గంటలు దొరికినా అవి ఒక్క ముక్కగా దొరకవు.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. చింతబొగ్గుతో బొమ్మను లీలగా గీసుకుంటారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము పులియబెట్టి తీసిన ద్రవంలో వెదురు కలం ముంచి గీతలు వేస్తారు. కరక్కాయ పట్టిన బట్టమీద ఆ ద్రవం పడగానే నల్లబడుతుంది, ఇక చెరపడమన్నది లేదు. తర్వాత పటిక పూత, రంగులో ఉడికించడం, పారే నీటిలో ఉతకడం, ఎండబెట్టడం, మిగతా రంగులు నింపడం. తల్లి కళ్లతో చూస్తే ఈ వరుసలో పనులన్నీ ఒక్క రకం కావు. నానడం, ఆరడం వాటంతట అవే జరిగిపోతాయి, ఆ సమయంలో మీరు బిడ్డ పక్కన నడుం వాల్చవచ్చు. రంగులు నింపే పని మధ్యలో లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుని అందుకోవచ్చు. నల్లగీత మాత్రం లేవనివ్వదు. అమ్మవారి కంటిరెప్ప సగంలో ఉండగా లోపలి గదిలో బిడ్డ కెవ్వుమంటే చెయ్యి జారుతుంది, బట్ట పాడవుతుంది. ఇక రంగు మరిగే గిన్నె దగ్గరికి పాకే బిడ్డను రానివ్వనే కూడదు.

కాబట్టి గీత పనిని ఇంకొకరు బిడ్డను ఎత్తుకునే రెండు గంటలకు అట్టిపెట్టుకోండి. రంగుల పనిని రోజంతా చెల్లాచెదురుగా దొరికే పావుగంటలకు వదిలేయండి. ఉడికించడం, ఉతకడం వారానికో పదిరోజులకో ఒక రోజు, ఇంట్లో పెద్దవాళ్లు మరొకరు ఉన్నప్పుడే. ఒకే బట్టను మొదలు నుంచి చివరిదాకా లాగకుండా నాలుగైదు బట్టల్ని వేర్వేరు దశల్లో ఉంచుకుంటే, ఏ పూట ఏ తునక సమయం చిక్కినా దానికి సరిపడే పని ఒకటి సిద్ధంగా ఉంటుంది. మీది తంజావూరు బొమ్మలైనా, మగ్గం వర్కైనా, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమైనా ఇలా ఒకసారి కాగితం మీద విడదీసి చూడండి. లేవనిచ్చే పని ఏది, లేవనివ్వనిది ఏది, బిడ్డ ఉండకూడనిది ఏది అని.

లేవనిచ్చే పనిని ఎంచుకోవడంలో నాకు తెలిసినంతలో రూత్ అసావా (1926–2013) తర్వాతే ఎవరైనా. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటూ ఆరుగురు పిల్లల్ని పెంచిన శిల్పి ఆమె. 1947లో మెక్సికోలోని తొలూకాలో బుట్టలల్లే పద్ధతి నేర్చుకుని, దాన్ని లోహపు తీగలోకి తెచ్చారు. తీగచుట్ట, రెండు చేతులు ఉంటే చాలు. పిల్లల మధ్య కూర్చుని అల్లవచ్చు, ఎక్కడ ఆపితే అల్లిక అక్కడే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అల్లినది కాబట్టి కాలక్షేపమే అయి ఉంటుందనుకునేవాళ్లకు ఒక మాట: 2020లో అమెరికా తపాలా శాఖ ఆమె తీగ శిల్పాలతో స్టాంపులు విడుదల చేసింది.

ముడిసరుకు విషయంలో మొహమాటం వద్దు. రెజిన్‌తో ట్రేలు, ఫ్రేములు చేయడం ఇప్పుడు బాగా నడుస్తోంది గానీ, గట్టిపడని రెజిన్ చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు. గర్భంతో ఉన్నప్పుడూ, బిడ్డ పడుకునే గదిలోనూ ఆ పని పెట్టుకోకండి. టర్పెంటైన్, కాడ్మియం రంగులదీ అదే సంగతి.

విద్యార్థులకు చదువు సంగతి. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ ఉంది, నిఫ్ట్‌లో టెక్స్‌టైల్ డిజైన్ ఉంది, తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థలో కలంకారీ నేర్పుతారు. ఎక్కడ చేరినా, కాలేజీ స్టూడియో లేకపోతే సాగని పనితోపాటు ఒక మూలన, చిన్న బల్ల మీద చేయగలిగే పని ఒకటి చేతికి అలవాటు చేసుకోండి. పెళ్లి, పిల్లలు మీ లెక్కలోనే లేకపోయినా అద్దె గదిలో అది అక్కరకొస్తుంది.

ఇక మన క్యాలెండర్. చేతిపని వ్యాపారానికి గిరాకీ శ్రావణంలో మొదలై దసరా, దీపావళి మీదుగా సంక్రాంతి దాకా సాగుతుంది. మధ్యలో పెళ్లి ముహూర్తాలు సరేసరి. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సినవి ఆషాఢంలోనే తయారు కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులు కొత్తగా తెరుచుకుని ఉంటాయి. యూనిఫాంలు, పుస్తకాల అట్టలు, వానాకాలం జలుబులు అన్నీ అప్పుడే. ఇది ముందే తెలిసిన ఇరుకు కనుక, శ్రావణం సరుకులో సగం వేసవి సెలవులకు ముందే, మార్చి కల్లా చేసి పెట్టుకోవడం మంచిది. మూఢం రోజుల్లో పెళ్లి ఆర్డర్లు తగ్గుతాయి, కొత్త డిజైన్లు అప్పుడు గీసుకోండి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేవాళ్లు ఏడో నెల నుంచే కొత్త కస్టమ్ ఆర్డర్లు ఆపేయాలి. బిడ్డతో తిరిగి వచ్చేసరికి మూడో నెలో ఐదో నెలో అవుతుంది. బాలింతరాలు అర్ధరాత్రి కూర్చుని ఆర్డరు పూర్తి చేసిందని మెచ్చుకుంటూ రాసే కథనాలు నాకు నచ్చవు.

ఎక్కువమంది దెబ్బతినేది ధర దగ్గర. ఒక చేతి కలంకారీ దుపట్టాకు బట్ట 700, రంగులు, ఉతుకు 200, ప్యాకింగ్ 50 రూపాయలు అయ్యాయనుకుందాం. ఖర్చు 950 కదా అని 1,500కి అమ్మితే మిగిలేది 550. దానికి పట్టింది 14 గంటలైతే గంటకు 40 రూపాయలు కూడా పడలేదు. గంటకు కనీసం 120 వేసుకున్నా ధర 2,630 అవుతుంది. బొటిక్‌లో పెట్టినప్పుడు వాళ్లు మూడో వంతు ఉంచుకుంటే, ఆ 2,630 మీ చేతికి రావాలంటే ట్యాగ్ మీద 3,945 ఉండాలి. ఆ గంటల్లో బిడ్డను చూసుకున్న ఆయా జీతం కూడా వ్యాపార ఖర్చే. అత్తగారో అమ్మో చూసుకుంటే ఖర్చు లేదనుకుంటాం. వాళ్లకు మోకాళ్ల నొప్పులొచ్చిన నెలలో మన ధరలు తప్పని తేలుతుంది, కనుక ఆ గంటలకూ లెక్క కట్టండి. కస్టమ్ పనికి సగం డబ్బు ముందు తీసుకోవాలి, చుట్టాల దగ్గరైనా సరే. చుట్టాల దగ్గరైతే మరీను.

చట్టం ప్రకారం వచ్చే 26 వారాల ప్రసూతి సెలవు జీతం ఉద్యోగినులకే. సొంతంగా చేసుకునేవాళ్లకు అది ఇచ్చే యజమాని లేడు కనుక, ప్రతి అమ్మకంలో కొంత పక్కన పెట్టి మీ సెలవును మీరే కొనుక్కోవాలి. మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 షరతులకు లోబడి వస్తాయి. ఆసరా అంతే. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మలో 5 శాతం వడ్డీకి అప్పు, 15,000 రూపాయల టూల్‌కిట్ ఉన్నాయి. అయితే అందులోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ, కుండలు, శిల్పం, కుట్టుపని ఉన్నాయి గానీ చిత్రకారులన్న వృత్తి లేదు. పైగా కుటుంబానికి ఒక్కరికే. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు ప్రయత్నించవచ్చు. చిత్రకారులు హస్తకళల కమిషనర్ ఇచ్చే పహచాన్ కార్డు, ముద్ర పథకంలో 50,000 దాకా ఇచ్చే శిశు రుణం వైపు చూడాలి. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బడిగే ఏజెంట్లను నమ్మకండి. వస్తువుల అమ్మకానికి జీఎస్టీ పరిమితి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవర్.

ఇంట్లో మాట్లాడుకోవాల్సింది కూడా డబ్బంత స్పష్టంగా ఉండాలి. ‘చూసుకుంటాంలే’ అన్న మాటతో గీత పని సాగదు. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా బిడ్డను చూసుకునేది భర్త అయితే, ఆ రెండు గంటలు బిడ్డ ఆకలి, తడిసిన బట్టలు, ఏడుపు కూడా ఆయనవే. తలుపు కొట్టి ‘డైపర్లు ఎక్కడ?’ అని అడిగితే ఆ గంటలు మీవి కానట్టే. పెళ్లి మాటలప్పుడు కట్నకానుకల గురించి అంత వివరంగా మాట్లాడుకునే పెద్దల ముందు ఈ సంగతి ఎత్తడానికి అమ్మాయిలు సిగ్గుపడనక్కర్లేదు.

విరామంలో ఉన్నప్పుడు కొనుగోలుదారులకు కబురు పెట్టండి. జవాబు లేని వాట్సాప్ మెసేజ్ వల్ల పోయేవాళ్లే ఎక్కువ, ‘ఇప్పుడు ఆర్డర్లు తీసుకోవడం లేదు’ అన్నందుకు పోయేవాళ్లు తక్కువ. మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారో ఆ కబురులోనే చెప్పండి. నెల పేరు రాస్తే చాలు, తేదీ వేయకండి. మీ నెలల బిడ్డ తేదీలు పాటించదు.