పరీక్ష చేయిస్తే ఇల్లు పోతుందా?

పాత అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ మీటింగుల్లో ఈ మాట తరచూ వినబడుతుంది: “ఇంజినీరును పిలిస్తే ఏదో ఒకటి రాస్తాడు. అది మున్సిపాలిటీ చెవిన పడితే నోటీసు అంటిస్తారు. నోటీసొచ్చాక ఖాళీ చేయాల్సిందే. ఎందుకొచ్చిన గొడవ?” దాంతో చర్చ ముగుస్తుంది. సెల్లార్‌లో పెచ్చులూడిన పిల్లర్‌కి మేస్త్రీ నాలుగు తాపీల సిమెంటు మెత్తి, పైన రంగు కొట్టి పోతాడు. అద్దెకున్నవాళ్ల భయం ఇంకో రకం. ఓనరే పనిగట్టుకుని నోటీసు తెప్పించి తమను బయటికి పంపేస్తాడని వాళ్ల అనుమానం. పాత కిరాయి మీద ఏళ్ల తరబడి ఉంటున్న దుకాణదారులకైతే ఆ అనుమానం మరీ ఎక్కువ.

ఈ భయాలు ఊరికే పుట్టలేదు. కాకపోతే చట్టం ఏం చెబుతుందో తెలియక అవి అసలు ప్రమాదం కన్నా పెద్దవైపోయాయి. భవనం బలహీనపడిందని తేలినా మీ యాజమాన్యం పోదు, అద్దెదారు హక్కూ దానంతట అది రద్దు కాదు. చూడకుండా వదిలేసిన భవనం కూలితే మాత్రం ‘మాకు తెలియదు’ అన్న జవాబు కోర్టులో నిలబడదు.

ఈ చివరి సంగతి సుప్రీంకోర్టు 1966లోనే తేల్చింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో టౌన్‌హాల్ ఎదురుగా మున్సిపాలిటీకి చెందిన గడియార స్తంభం ఒకటి ఉండేది. వయసు 80 ఏళ్లు. నడిబజారులో అది కూలి జనం చనిపోయారు. మృతుల్లో ముగ్గురి కుటుంబాలు పరిహారం కోసం దావాలు వేశాయి. అక్కడ వాడిన గార రకాన్ని బట్టి పై అంతస్తు ఆయువు 40, 45 ఏళ్లే అని ఇంజినీరు సాక్ష్యం చెప్పాడు. ఇటుకల మధ్య గార పట్టు పోయి పొడిగా మారింది. మున్సిపాలిటీ వాదన ఏమిటంటే, తమ ఇంజినీరు చూశాడు, పైకి పగులేమీ కనిపించలేదు, లోపల ఏముందో తెలిసే వీలు లేదు అని. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వర్సెస్ సుభగవంతి కేసులో కోర్టు దీన్ని ఒప్పుకోలేదు. రోడ్డు పక్కన కట్టడం ఉన్న యజమాని, లోపం తనకు తెలిసినా తెలియకపోయినా, అది దారిన పోయేవారి మీద పడితే బాధ్యుడే. అంత పాత కట్టడాన్ని జాగ్రత్తగా, మళ్లీ మళ్లీ పరీక్షించాల్సిన పని అతనిదే. పైపైన చూసి పోవడం పరీక్ష కింద లెక్కకు రాదు. పైగా కట్టడం కూలడమే నిర్లక్ష్యానికి మొదటి సాక్ష్యం. తప్పు లేదని చూపించుకునే భారం యజమాని నెత్తినే ఉంటుంది.

రోడ్డు మీదికి వాలిన సజ్జ, పగిలిన పిట్టగోడ, నీళ్ల ట్యాంకు కింద తుప్పు పట్టిన బీము, వీటన్నిటికీ ఈ తీర్పు వర్తిస్తుంది. ఇక షాపు వెడల్పు చేయడానికి గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడ తీసేయించేవాళ్లు భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ చదవాలి. కట్టేటప్పుడైనా, కూల్చేటప్పుడైనా, రిపేరు చేసేటప్పుడైనా నిర్లక్ష్యంగా జాగ్రత్తలు తీసుకోకపోతే అది నేరం. ప్రాణం పోతే 106వ సెక్షన్ కూడా తోడవుతుంది.

మరి కార్పొరేషన్ ఏం చేయాలి? హైదరాబాద్‌లో 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ ప్రకారం, శిథిలమైన, కూలేలా ఉన్న కట్టడాన్ని కూల్చాలనో, సరిచేయాలనో కమిషనర్ యజమానికిగానీ అందులో ఉంటున్నవారికిగానీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వొచ్చు. ఏటా వానలకు ముందు సర్వే చేసి పాత ఇళ్లకు అంటించే కాగితాల వెనక ఉన్నది ఈ సెక్షనే. 2013 జూలై 8న సికింద్రాబాద్‌లో సిటీలైట్ హోటల్ భవనం కూలి పది మందికి పైగా చనిపోయినప్పుడు కొన్నాళ్లు దీని పేరు బాగా వినబడింది. ఇందులో నాకు కనిపించే లోటు ఒకటుంది. 456వ సెక్షన్ భవనం వయసును పట్టించుకోదు, కూలే లక్షణాలు కనిపించాకే నిద్ర లేస్తుంది. ముంబై మున్సిపల్ చట్టంలో 353బీ సెక్షన్ అలా కాదు. 30 ఏళ్లు నిండిన భవనాన్ని యజమానులే రిజిస్టర్డ్ స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించి ధ్రువపత్రం ఇవ్వాలి, ఆ తర్వాత పదేళ్లకోసారి మళ్లీ. అక్కడ నివేదికను బట్టి భవనాలను సీ1 నుంచి సీ3 దాకా విడదీస్తారు. సీ1 అంటే వెంటనే ఖాళీ చేసి కూల్చాల్సినది, సీ3 అంటే చిన్నపాటి మరమ్మతు. మధ్యలో ఉన్న సీ2లో, లోపల ఉంటూనే రిపేరు చేయదగినవీ ఉంటాయి. పరీక్ష అంటే కూల్చివేతే అనుకునేవాళ్లు ఈ విభజనను గమనించాలి.

అమెరికాలో ఫ్లోరిడా కథ మన అసోసియేషన్ల కథకు మరీ దగ్గర. మయామీ పక్కన సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ 1981లో కట్టిన కాండో, అంటే ఫ్లాట్లు ఎవరివి వారికి ఉండే అపార్ట్‌మెంట్. 40 ఏళ్లకు పునఃధ్రువీకరణ అక్కడి స్థానిక నియమం. దానికోసం ముందుగా పిలిపించిన ఇంజినీరు 2018లోనే స్విమ్మింగ్ పూల్ పక్క డెక్ స్లాబులో నీరు నిలిచి కాంక్రీటు పాడవుతోందని రాసిచ్చాడు. మరమ్మతు ఖర్చు కోటిన్నర డాలర్ల దాకా పెరిగింది. ఎవరి వాటా ఎంత, ఇప్పుడే ఎందుకు అన్న తర్జనభర్జనలోనే కాలం గడిచింది. 2021 జూన్ 24 తెల్లవారకముందే భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. నివేదిక ఉంది, డబ్బు పోగు కాలేదు. 2022లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. మూడు అంతస్తులు, ఆపైన ఉన్న కాండోలకు 30 ఏళ్లకు తనిఖీ, తర్వాత పదేళ్లకోసారి, దాంతోపాటు మరమ్మతు నిధి మీద అధ్యయనం తప్పనిసరి చేసింది. ఫ్లోరిడాలో కాండో కొంటున్న మనవాళ్లెవరైనా ఉంటే ఆ రెండు కాగితాలూ చూడకుండా సంతకం చేయొద్దు.

మన దగ్గర చట్టం వయసు గడువు పెట్టకపోయినా అసోసియేషన్ తన బైలాలో రాసుకోవడానికి ఎవరూ అడ్డురారు. 30 ఏళ్లకు ఒకసారి, తర్వాత పదేళ్లకోసారి అని ఒక్క తీర్మానం చాలు. డబ్బు దగ్గరే పేచీ. “చెమ్మ అయిదో అంతస్తులో, నాది మొదటిది, నేనెందుకివ్వాలి?” అనేవారికి 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టమే జవాబు. పునాదులు, స్తంభాలు, దూలాలు, పైకప్పు అందరి ఉమ్మడి ఆస్తి. పిల్లర్ మీ హాల్లో ఉన్నంత మాత్రాన మీది కాదు, పక్కవాళ్ల బెడ్‌రూములో ఉన్నంత మాత్రాన మీకు సంబంధం లేకుండా పోదు. ఖర్చు వాటాల ప్రకారం అందరూ భరించాల్సిందే. కొత్త ఫ్లాటులో ఉన్నవారికి ఇంకో దారి ఉంది. స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, మీరు చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలని రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ అంటుంది.

పరీక్ష సంగతిలో మోసపోయే అవకాశం ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. పేజీన్నర కాగితం మీద ‘భవనం బాగానే ఉంది’ అని రాసి ముద్ర వేసి ఇచ్చే సర్టిఫికెట్లు బజారులో దొరుకుతాయి. రేపు కేసైతే వాటికి విలువుండదు. రీబౌండ్ హామర్‌తో పిల్లర్‌ను తట్టి చూడటం ఒక పద్ధతే గానీ, అది కాంక్రీటు పైపొర గట్టిదనాన్నే చెబుతుంది. లోపల ఖాళీలు, పగుళ్లు పట్టుకోవడానికి అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి. అనుమానం ఉన్న చోట కోర్ తీసి ల్యాబులో నలగ్గొట్టి చూడాలి. అసలు శత్రువు లోపలి ఇనుము. కాంక్రీటులో క్షార గుణం ఉన్నంతకాలం చువ్వలకు తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోపలికి చేరి ఆ గుణాన్ని హరిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, పైనున్న కాంక్రీటును చీల్చి పెచ్చులుగా పడగొడుతుంది. పగలగొట్టిన తాజా ముక్క మీద ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చిన మేర బాగున్నట్టు, రంగు రాని మేర రక్షణ పోయినట్టు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి వల్ల ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి నివేదికలో ఏ పిల్లర్‌కి ఏ పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, ఏది అత్యవసరం, ఏది ఆగొచ్చు అన్నవి ఫొటోలతో ఉండాలని ముందే రాయించుకోండి. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, వరంగల్ నిట్ సివిల్ విభాగాల నుంచి వచ్చిన నివేదికకు అధికారుల దగ్గర, కోర్టులో బరువెక్కువ.

నోటీసు వచ్చిందనుకోండి. ముందు అది ఏమంటోందో చదవండి. కూల్చమందా, సరిచేయమందా, మొత్తం భవనమా, ఒక భాగమా? మరమ్మతుతో నిలబడుతుందని మీ దగ్గర నివేదిక ఉంటే జతచేసి జవాబిచ్చి, గడువు అడగండి. వినకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు ఉంది. ఖాళీ చేయడానికి మొండికేసి లోపల కూర్చుని కేసు వేయడం మాత్రం నేను ఒప్పుకోను. ముందు బయటికి రండి, వాదన తర్వాత. కూల్చినా ఫ్లాటు ఓనరుకు స్థలంలో అవిభక్త వాటా రిజిస్ట్రేషన్ పత్రంలో అలాగే ఉంటుంది.

అద్దెకున్నవారు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు షాహా రతన్సీ ఖిమ్‌జీ కేసులో 2014లో వచ్చింది. మున్సిపాలిటీ భవనాన్ని కూల్చేస్తే అద్దె ఒప్పందం చచ్చిపోతుందా అన్నది ప్రశ్న. అంతకుముందు తానే ఇచ్చిన తీర్పును పక్కన పెట్టి, ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం చచ్చిపోదని చెప్పింది. అద్దెదారు హక్కు గోడలతోపాటు కూలిపోదు, కింది నేల మీద మిగిలే ఉంటుంది. రెంట్ కంట్రోల్ చట్టం కిందికి వచ్చే పాత అద్దెదారులకు 12వ సెక్షన్ కూడా ఉంది. మరమ్మతు కోసమో తిరిగి కట్టడం కోసమో ఓనరు స్వాధీనం అడిగితే, ఆ పని చేస్తానన్న హామీతో రెంట్ కంట్రోలర్ ముందుకు రావాలి, నోటి మాట చాలదు. ఖాళీ చేసే ముందు గది కొలతలు రాసుకోండి, ఫొటోలు తీయండి, అద్దె రసీదులు, కరెంటు బిల్లులు జాగ్రత్త చేయండి. ‘ప్రమాదం ఉన్నందున మాత్రమే వెళ్తున్నాను, నా అద్దె హక్కు వదులుకోవడం లేదు’ అని ఓనరుకు రిజిస్టర్డ్ పోస్టులో, కార్పొరేషన్‌కు కాపీతో ఒక ఉత్తరం పంపండి. తాళాలు ఇచ్చేటప్పుడు ఓనరు చూపించిన తెల్లకాగితం మీద సంతకం పెట్టేసి, ఆ తర్వాత లాయరు దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.

కూలేలా ఉన్నది మీ ఇల్లు కాదు, పక్కింటి గోడ అయితే? భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు ఫిర్యాదు చేయండి. ఇరుగుపొరుగు మీదనో, దారిన పోయేవారి మీదనో పడేలా ఉన్న కట్టడాన్ని తీసేయమనో బాగుచేయమనో యజమానిని ఆదేశించే అధికారం ఆయనకుంది. ఆ ఇంటికి గతంలో నోటీసులిచ్చారో లేదో, ఇస్తే ఏం చేశారో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌ను అడగొచ్చు. మామూలుగా జవాబుకు 30 రోజుల గడువు. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని 7వ సెక్షన్ అంటుంది. ‘ఇందులో జనం ఉంటున్నారు, ప్రాణాపాయం ఉంది, 7వ సెక్షన్ ప్రకారం 48 గంటల్లో జవాబు కోరుతున్నాను’ అని అర్జీలో మొదటి లైనులోనే రాయండి. రాయకపోతే దాన్ని 30 రోజుల కట్టలోనే పెడతారు.