పాత రేకుల షెడ్డు కొన్నారా? కారేది వాననీళ్లా, రేకు చెమటా ముందు చూసుకోండి



మాది మదనపల్లె వైపు. పోయిన నవంబరులో తోట దగ్గరికి ఒక పాత రేకుల షెడ్డు కొన్నాను. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, జీఐ రేకులు, ఇనుప పైపుల ఫ్రేము. బిల్డింగు పని అయిపోయిన చోట విప్పి అమ్ముతుంటే 42,000 ఇచ్చి తెచ్చుకున్నా. విత్తనం చెనిక్కాయలు, ఘనజీవామృతం, జీవామృతం డ్రమ్ములు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయని ఆశ. సంక్రాంతికి చూస్తే 14 మూటల విత్తనంలో 4 మూటలకు బూజు. బూజు పట్టిన చెనిక్కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అందుకే ఆవులకు కూడా పెట్టకుండా గుంత తీసి పూడ్చేశాం. మా నాన్న రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతా. వీడియోలో రేకులు దగ్గరగా చూపించాను, అది చూస్తూ చదివితే బాగా అర్థమవుతుంది.

మొదటి వానకే ఏడెనిమిది చోట్ల కారింది. పాత షెడ్డుకు ఉండే జబ్బే ఇది. విప్పి మళ్లీ బిగించేటప్పుడు స్క్రూలు కొత్త చోట పడతాయి, పాత బొక్కలు అట్లే ఉండిపోతాయి. నేను తొందరపడి సిమెంటు మెత్తించాను. డిప్లొమాలో కెమిస్ట్రీ చదివినవాడిని చేయాల్సిన పని కాదు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, సిమెంటు పగిలిపోతుంది. పైగా తడి సిమెంటులోని సున్నం రేకు మీది జింకు పూతను తినేస్తుంది. రేకుకు నేరుగా సున్నం కొట్టకూడదు అనేది కూడా ఇందుకే. చల్లదనం కావాలంటే రేకులకు వేసే తెల్ల పెయింటే వాడండి.

తర్వాత సిమెంటంతా గీకేసి, వైర్ బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక చిన్న బొక్కల మీద బ్యూటైల్ టేపు అంటించాం. పాత స్క్రూ బొక్క వదులుగా ఉంటే ఒక సైజు లావు స్క్రూ, కొత్త రబ్బరు వాషరుతో వేశాం. అలల రేకుకు స్క్రూ గట్టు మీద పడాలి, నీళ్లు పారే పల్లంలో కాదు. వాషరు కొంచెం నొక్కుకుంటే చాలు, చితికేదాకా బిగిస్తే ఏడాదికే పగులుతుంది. కింది వరస మీదికి పై వరస కనీసం 6 అంగుళాలు ఎక్కాలి. పక్క జాయింటు నోరు వానగాలికి ఎదురుగా ఉండకూడదు. మాకు ఈశాన్యం గాలి, మీ ఊళ్లో ఏ దిక్కో చూసుకోండి.

ఎక్కడ కారుతోందో తెలియకపోతే పైపుతో నీళ్లు పట్టండి. చూరు దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి పోవాలి, లోపల ఒకరు చూస్తుండాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు జారి ఏ బొక్కలో దిగాయో తెలియదు.

ఇంత చేసినా జనవరిలో మూటలు తడిశాయి. "వాన లేకుండా ఎట్లా కారుతుందిరా?" అన్నాడు నాన్న. ఆ మాటతోనే నాకు వెలిగింది. తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే బొక్కల దగ్గర కాదు, రేకు అడుగంతా చినుకులే. రేకు చెమట పట్టింది. రాత్రి చలికి రేకు చల్లబడుతుంది, లోపలి తేమగాలి దానికి తగిలి నీరవుతుంది. ఆ తేమ ఇచ్చింది నేనే. ఘనజీవామృతం సగం ఆరకముందే లోపల పోశాను, పక్కనే రెండు డ్రమ్ముల జీవామృతం. తలుపు మూసి, చూరు సందులు కూడా ఎలుకలని గుడ్డలు కుక్కాను!

ఒక్క చోట చుక్కలు పడితే బొక్క, అంతటా పడితే చెమట. చెమటకు టేపు ఎంత అంటించినా డబ్బు దండగే.

ఇప్పుడు ఘనజీవామృతం బయట నీడలో పూర్తిగా ఆరాకే గోనె సంచుల్లో లోపలికి పోతుంది. డ్రమ్ములు కానుగ చెట్టు కిందికి మార్చాం. వాటికి కావాల్సింది నీడే కదా. గోమూత్రం ఘాటు ఆవిరి కూడా రేకుకు మంచిది కాదు. చూరు కింద ఎదురెదురుగా 4 అంగుళాల సందు వదిలి, ఎలుకలు రాకుండా సన్న కన్నుల ఇనుప జాలీ కొట్టాం. మూటలు చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టాం. చెనిక్కాయ మూట కట్టేముందు కాయ చెవి దగ్గర ఊపి చూడండి, గింజ గలగలమనాలి.

గాలికి కప్పు లేచేది అంచుల దగ్గరే, అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయండి. పైకి ఎక్కేటప్పుడు పలక వేసుకుని, కింద పైపు ఉన్న చోటే కాలు పెట్టండి. మీరు కొన్న షెడ్డుకు పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు ఉంటే అస్సలు ఎక్కొద్దు, కోయొద్దు, బొక్కలు కొట్టొద్దు. అది చెప్పకుండా పగులుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

గట్టర్ ఇంకా పెట్టలేదు. ఈ కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 220 లీటర్లు. మొదటి మురికినీళ్లు వదిలేసినా ఒక డ్రమ్ము జీవామృతానికి కావాల్సిన నీళ్లు దాదాపు వచ్చేస్తాయి. జూన్ లోపు బిగించి ఆ వీడియో కూడా పెడతా.